రెండో బల్ల మీది మనిషి

పొద్దున్న ఆరయ్యేసరికి సాల్మన్ రాజు కుడిచెయ్యి చాపుకుని పీట మీద కూర్చుంటాడు. డోర్కాస్ కొబ్బరినూనె గోరువెచ్చగా కాచి, మణికట్టు దగ్గర మొదలుపెట్టి భుజం దాకా బొటనవేలితో నొక్కుతూ అరగంటసేపు రాస్తుంది. కాలిన చోట మొలిచిన చర్మాన్ని అలా వదిలేస్తే బిగుసుకుపోయి మోచెయ్యి వంగదు. రోజూ మెత్తబరుస్తూ ఉండాలి. ఆ అరగంటలోనే అన్నం ఉడకాలి, పిల్ల జడలు వేయించుకుని బడికి తయారవ్వాలి, అత్తగారికి టీ అందాలి. ఏడున్నరకల్లా డోర్కాస్ హౌరా వంతెన దాటి ఆస్పత్రిలో ఉండాలి. సాల్మన్ రాజు మాత్రం ఆ సేపంతా కళ్ళు మూసుకునే ఉంటాడు. గట్టిగా నొక్కితే మెల్లగా అంటాడు. మెల్లగా రాస్తే, ఆస్పత్రిలో పరాయివాళ్ళకి బాగానే చేస్తావు గదా అంటాడు.

ఆ రోజు పక్కవాటాలోకి కొత్తగా కాపురానికొచ్చిన అమ్మాయి అగ్గిపెట్టె కోసం వచ్చి, గుమ్మంలో నిలబడి, ఆ చేతికేమయిందని అడిగింది. సాల్మన్ రాజు తల్లి దయారత్నానికి ఆ ప్రశ్న ఎవరడిగినా ఇష్టమే.

"కార్ఖానాలో ఆవిరి గొట్టం పగిలిందమ్మా. ఛాతీ, ఈపు, సేతులు, మొత్తం ఉడికిపోనాడు. పెళ్ళాం తొడ తోలు తీసి కప్పినారు. ఏటి లాభం? పద్దెనిమిదో రోజుకి ఊడి సేతికొచ్చేసింది. మనిషి తోలు మనిషికి అంటాలంటే లోపల మనసుండాల."

డోర్కాస్ బొటనవేలు ఆగలేదు. ఆ మాట ఆమె మూడేళ్ళుగా వింటోంది. మొదట్లో వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకునేది. తర్వాత కోపం వచ్చేది. ఇప్పుడు కోపం కూడా రావడం లేదు, విసుగొస్తోంది. ఒకే కథ ఇన్నిసార్లు చెప్పినా అందులో తన మాట ఒక్కటీ లేకుండా ఎలా చెప్పగలుగుతున్నారా అని మాత్రం ఒక్కోసారి ఆశ్చర్యంగా ఉంటుంది.

అసలు జరిగింది ఇది. 1967లో, ఎండాకాలంలో, సాల్మన్ రాజును చాపలో చుట్టి ఆస్పత్రికి తెచ్చారు. పెద్ద డాక్టరు భాదురీ గారు కుటుంబంలో మగవాళ్ళను, దయారత్నాన్ని గదిలోకి పిలిచి, ఒళ్ళు ఇంత కాలినప్పుడు ఇంకొకరి చర్మం తీసి కప్పితే ప్రాణం నిలబడే అవకాశం ఉందని చెప్పారు. డోర్కాస్ వరండాలో పిల్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. లోపల్నుంచి దయారత్నం వచ్చి, పిల్లను తను తీసుకుని, పద అంది. కాగితం చూపించి ఇక్కడ పెట్టు అంటే డోర్కాస్ సంతకం పెట్టింది. రక్తం తీస్తారు కాబోలనుకుంది. మెలకువ వచ్చేసరికి రెండు తొడలకీ కట్లు, ఆ కట్ల కింద నిప్పులు పరిచినట్టు మంట. అరవడానికి నోరు తెరిస్తే, అవతలి మంచం మీద భర్త కట్లలో చుట్టి ఉన్నాడు. చుట్టూ చుట్టాలు, చర్చి సంఘ పెద్దలు, ప్రార్థన. ఆమె నోరు మూసుకుంది. నర్సు గంటగంటకీ వచ్చి అతనికి నొప్పి తెలియకుండా సూది ఇచ్చి వెళ్ళేది. డోర్కాస్‌కి ఎవరూ ఏమీ ఇవ్వలేదు. ఆమె రోగి కాదు. రోగి భార్య. రెండో రోజు సాయంత్రానికి ఆమె పడుకున్న మంచం ఇంకొకరికి కావాల్సివచ్చి, ఆమెకు అతని మంచం పక్కన నేల మీద చాప వేశారు. మూడో రోజున ఆమె లేచి, గోడ పట్టుకుని నడిచి, అతనికి జావ తాగించింది.

నలభై రోజులు అక్కడే ఉండిపోయింది. వార్డు సిస్టరు బెంగాలీ మనిషి, పెద్దావిడ. అంటుకుపోయిన కట్టును ఉప్పునీళ్ళతో తడిపి తడిపి ఎలా విప్పాలో, పుండు రంగు చూసి ఎలా పోల్చుకోవాలో, భర్తకు కట్లు కడుతున్నప్పుడు పక్కనుండి చూస్తూ చూస్తూ డోర్కాస్ నేర్చేసుకుంది. ఆమె చేతిలో నెమ్మదుందని సిస్టరు డాక్టరుగారికి చెబితే ఆయన కట్లు కట్టే పనిలోకి తీసుకున్నాడు. అప్పటికి సాల్మన్ రాజు ఇంకా లేచి నిలబడలేదు కనక ఇంట్లో ఎవరూ కాదనలేదు. ఆ పనిలో చేరిన మూడో నెలలో, ఇంకో కేసు దగ్గర, సిస్టరు ఆమెకు ఆ సంగతి చెప్పింది. ఒకరి చర్మం ఇంకొకరి ఒంటి మీద నిలవదు. ఎవరిదైనా సరే రెండు మూడు వారాలకు ఊడిపోతుంది. ఈలోగా రోగి కోలుకుంటే, అప్పుడు అతని కాళ్ళ నుంచి అతని చర్మమే తీసి వేస్తారు. "రాలిపోవడమే దాని పని," అంది సిస్టరు. "అంతవరకు ప్రాణం కాపాడడం దాని పని. నీది రెండు పనులూ చేసింది."

ఆ సాయంత్రం డోర్కాస్ వంతెన మీద దాదాపు పరుగెత్తుకుంటూ ఇంటికొచ్చింది. భర్తకు చెప్పింది. అతను విని, ఇప్పుడవన్నీ ఎందుకు అన్నాడు. దయారత్నం విననే లేదు. ప్రతి ఏడాదీ సంఘంలో సాల్మన్ రాజు నిలబడి సాక్ష్యం చెప్పేవాడు. దేవుడు బతికించాడు, తల్లి ప్రార్థనలు బతికించాయి, భాదురీ గారి హస్తవాసి బతికించింది, ఇంట్లోవాళ్ళు కూడా సాయపడ్డారు. ఆడవాళ్ళ వరసలో కూర్చున్న డోర్కాస్ 'ఇంట్లోవాళ్ళు' అన్న చోట తల వంచుకునేది. ఇంటి దగ్గర ఎప్పుడైనా చీర పక్కకి తొలగితే, ఆ కాలు కప్పుకో, చూస్తే నాకు ఆ రోజులు గుర్తొస్తాయి అనేవాడు. తన చేతిని మాత్రం చొక్కా చెయ్యి మడిచి అందరికీ చూపించేవాడు.

ఇలా ఉండగా 1970 చలికాలంలో డాక్టరు భాదురీ ఆమెను పిలిచి, ఒక సినిమాకి నీ సాయం కావాలట అన్నాడు.

మృగాంక బాబు అనే దర్శకుడు డాక్టరుగారికి చిన్ననాటి స్నేహితుడు. రెండు వేల సంవత్సరంలో జరిగే కథ ఒకటి తీస్తున్నాడు. అప్పటి కలకత్తాలో ఒక గొప్ప శాస్త్రజ్ఞుడు ఉంటాడు, ప్రయోగశాలలో ప్రమాదం జరిగి ఒళ్ళంతా కాలిపోతుంది. అతని శిష్యులే అతనికి కొత్త చర్మం వేసి, కొత్త ముఖం చేసి, చేతులు మార్చి, ముప్పై ఏళ్ళ యువకుడిలా తయారుచేస్తారు. ఆ తర్వాత అతనికి తనెవరో తనకు తెలియకుండా పోతుంది. కథంతా ఆ బాధే. ఇందులో కట్లు నిజమైన కట్లలా ఉండాలని దర్శకుడి పట్టుదల. మూడు వారాలు సెలవు ఇస్తాను, వెళ్ళిరా అన్నాడు డాక్టరు.

ఇంట్లో గొడవయింది. సినిమావాళ్ళ దగ్గరికి సంఘంలో ఆడమనిషి వెళ్ళడమేమిటని దయారత్నం అన్నం మానేసి కూర్చుంది. కట్లు కట్టడానికే గదా అత్తయ్యా, ఆడటానికీ పాడటానికీ కాదు అంది డోర్కాస్. సాల్మన్ రాజు ఏమీ తేల్చలేకపోయాడు. భాదురీ గారు అడిగినదాన్ని కాదనలేడు. చివరికి, మరి నా చెయ్యి సంగతి అన్నాడు. ఎస్ప్లనేడ్‌లో ట్రాము మారి, సినిమా స్టూడియోలుండే టాలీగంజ్ చేరాలంటే ఆమె ఆరింటికే బయలుదేరాలి. ఎడమచెయ్యి బాగానే ఉంది గదా, రాసుకోండి అంది. మొదటి రోజు రాసుకోలేదు. రెండో రోజు మోచెయ్యి పట్టేసింది. మూడో రోజు నుంచి తనే రాసుకున్నాడు. అరగంట కాదు, పది నిమిషాలు.

షూటింగుకి ముందు మృగాంక బాబు తన మనుషులందరినీ, వాళ్ళతోపాటు డోర్కాస్‌నీ, చౌరంగీలో ఉదయం ఆటకి తీసుకెళ్ళి ఇంగ్లీషు సినిమాలు రెండు చూపించాడు. రెండూ ఇలాంటివే. ఒకదాంట్లో ఒక దొంగకి డాక్టరు కొత్త ముఖం చేస్తాడు. ఇంకోదాంట్లో ఒక ధనవంతురాలు ఒళ్ళంతా మార్చుకుని పడుచుదవుతుంది. రెండింట్లోనూ చివరికి అద్దం ముందు కట్లు విప్పుతారు. గుండ్రంగా తిప్పి తిప్పి తెల్లటి గుడ్డ తీసేస్తే లోపల పాలుగారే ముఖం. హాలంతా ఊపిరి బిగపట్టింది. డోర్కాస్‌కి మాత్రం నవ్వొచ్చింది, ఆపుకోవాలన్నా ఆగలేదు. ఆట వదిలాక మృగాంక బాబు ఎందుకు నవ్వావు దీదీ అని అడిగాడు. అంత తెల్లగా ఉన్న కట్టు నేనెప్పుడూ విప్పలేదు అంది. పసుపుగా, ఎర్రగా ఉంటుంది, వాసనొస్తుంది, చర్మాన్ని పట్టుకుని రానంటుంది, మనిషి దేవుణ్ణి తిడతాడు అంది. అతను జేబులోంచి కాగితం తీసి రాసుకున్నాడు.

ఆ మూడు వారాలూ డోర్కాస్ తన జీవితంలో ఎప్పుడూ లేనంత గట్టిగా మాట్లాడింది. హీరో ముఖానికి చుట్టిన గుడ్డ చూసి, ఇలా చుడితే ఊపిరాడక చస్తాడు, విప్పండి అంది. విప్పారు. ప్రయోగశాలలో కాలినవాడు ఎవరైనా ఆ రోజే లేచి కూర్చుని ఉపన్యాసం చెప్తాడా అంది. ఆ సీనును కథలో రెండు నెలల తర్వాతకి జరిపారు. మేకప్ అతను మైనంతో, ఎర్రరంగుతో పుళ్ళు చేస్తుంటే పక్కన కూర్చుని, ఇక్కడ ఇంకా పాలిపోయినట్టుండాలి, ఇక్కడ అంచు కాస్త ఉబ్బాలి అని చెప్పేది. ఆమె బెంగాలీకి యాస ఉంది, ఎవరూ వెక్కిరించలేదు. తను చెప్పిన మాటకు నలుగురు మగవాళ్ళు పని ఆపి తలెత్తి చూడటం ఆమెకు కొత్త. రెండో రోజుకే అలవాటైపోయింది. ఇంటికొచ్చాక మాత్రం, టీలో పంచదార తక్కువైందంటే, ఇదివరకటిలా వెంటనే లేవలేకపోయేది. లేచేది, కానీ ఓ క్షణం ఆగి లేచేది. ఆ క్షణంలో తనను తాను చూసుకునేది.

ఒకరోజు డాక్టరు భాదురీ షూటింగు చూడ్డానికొచ్చి, మాటల్లో, డోర్కాస్ భర్త కోసం చర్మం ఇచ్చిందని మృగాంక బాబుకి చెప్పాడు. మర్నాడు అతను ఆమెను పక్కకి పిలిచాడు. ఆపరేషను సీనులో రెండు బల్లలు ఉంటాయి. మొదటి బల్ల మీద శాస్త్రజ్ఞుడు, రెండో బల్ల మీద అతని భార్య. ఆమె చర్మమే తీసి అతనికి వేస్తారు. చర్మం తీసిన మచ్చలు మేకప్‌తో ఎంత చేసినా నిజంలా రావు. "నీ కాలు ఒక్క షాట్ తీసుకుంటాం దీదీ. మోకాలి పైన కొంచెం, అంతే. ముఖం రానివ్వను. ఎవరికీ తెలీదు."

అతను చెడ్డవాడు కాదు. మర్యాదగా అడిగాడు, అసలు అడగడమన్నది ఇతనే చేశాడు. అయినా డోర్కాస్ లోపల ఏదో గట్టిపడింది. మళ్ళీ కాలు ఒక్కటే కావాలి వీళ్ళకి. మనిషి అవసరం లేదు.

"ఆ భార్య ఏం మాట్లాడుతుంది బాబూ?" అని అడిగింది.

అతనికి వెంటనే గుర్తు రాలేదు. అక్కడే స్టూలు మీద కూర్చుని తమలపాకు నములుతున్న శేఫాలీ దీ నవ్వింది. భార్య వేషం ఆవిడదే. ముప్పై ఏళ్ళుగా నాటకాల్లోనూ సినిమాల్లోనూ తల్లులుగా, అత్తలుగా వేసిన మనిషి. ఒళ్ళో ఉన్న కాగితం తీసి చదివింది. "రెండో బల్ల. భార్య. పడుకుని ఉంటుంది. నా వేషం మొత్తం ఇదే తల్లీ. తర్వాత ఒకసారి గుమ్మంలో నిలబడి ఏడుస్తాను."

డోర్కాస్ కాలు ఇవ్వనంది. దాని బదులు తనకు మెలకువ వచ్చిన రోజు సంగతి చెప్పింది. అంతకుముందు ఎవరికీ అలా వరసగా చెప్పలేదు. కాలిపోయిన చోట లోతుగా కాలితే నొప్పి అంతగా తెలియదు, బాగున్న చోట చర్మం తీస్తే ఆ తీసిన చోటే ప్రాణం పోతుంది, ఇది భాదురీ గారిని అడగండి, ఆయనే చెప్తారు అంది. గదిలో సూది మందు అతనికిచ్చారు, నొప్పి నాకుంది అంది. మీ శాస్త్రజ్ఞుడు నేనెవర్ని నేనెవర్ని అని రెండు గంటలు అడుగుతాడు గదా, ఆ ముఖం ఎవరి తొడ నుంచి వచ్చిందో ఒక్కసారైనా అడుగుతాడా అంది. మృగాంక బాబు విన్నాడు. విని, నువ్వు చెప్పింది నిజమే దీదీ, కానీ ఆ సీనులో కెమెరా హీరోను వదిలిరాలేదు, అక్కడ కథ ఆగిపోతుంది అన్నాడు.

శేఫాలీ దీ కాలికి కట్టు డోర్కాసే కట్టింది. కడుతూ, మెలకువ వచ్చినప్పుడు తొడ కదిలితే ఎలా ఉంటుందో, ఊపిరి ఎక్కడ పట్టేస్తుందో, గుడ్డ అంచు తగిలినా పళ్ళెలా బిగుసుకుంటాయో చెప్పింది. ఆవిడ ఒక్క ప్రశ్న మాత్రం అడిగింది. ఆ రోజు నోరు తెరిచి ఉంటే ఏమనేదానివి అని. డోర్కాస్ చెప్పింది.

షాట్ మొదలైంది. మొదటి బల్ల చుట్టూ తెల్లకోట్ల శిష్యులు, మీటలు, రంగు దీపాలు. హీరో మూలుగుతున్నాడు. నొప్పి ఎక్కడుంది గురువుగారూ అని ఒక శిష్యుడు అడగాలి, హీరో కళ్ళు తెరిచి ఆకాశం కేసి చూడాలి. శిష్యుడు అడిగాడు. హీరో కళ్ళు తెరిచేలోగా రెండో బల్ల మీద నుంచి శేఫాలీ దీ, గొంతు పెంచకుండా, మంచినీళ్ళు అడిగినంత మామూలుగా అంది.

"నొప్పి ఇక్కడుంది."

శిష్యులందరూ అటు తిరిగారు. అది నటన కాదు, నిజంగానే తిరిగారు. కెమెరా మనిషి కూడా, ఎవరూ చెప్పకుండానే, కెమెరాను అటు తిప్పాడు. కట్ అన్నాక హీరో లేచి కూర్చుని, ఇది నా సీనా ఆవిడ సీనా అని కోప్పడ్డాడు. మృగాంక బాబు డోర్కాస్ దగ్గరికొచ్చి, నిజంగా అలా అంటారా దీదీ అని మెల్లగా అడిగాడు.

"అనలేదు బాబూ," అంది డోర్కాస్. "అనాల్సింది."

ఇంకో టేకు తియ్యలేదు.

సినిమా మరుసటి ఎండాకాలంలో వచ్చింది. ఊళ్ళో గొడవలుగా ఉండి, చీకటి పడితే జనం ఇల్లు కదలని రోజులు కనక, వాళ్ళుండే టికియాపారా సందులో తెలుగువాళ్ళంతా కలిసి మ్యాట్నీకి వెళ్ళారు. పేర్లు పడుతున్నప్పుడు చివర్లో ఎక్కడో 'కట్లు: డోర్కాస్ దేవి' అని బెంగాలీలో పడితే ఎవరో చదివి చెప్పారు. క్రైస్తవుల పిల్లను దేవిని చేశారేమిటని దయారత్నం గొణిగింది. డోర్కాస్ చీకట్లో తనలో తను నవ్వుకుంది.

ఆపరేషను సీను వచ్చింది. ఆ మాట వచ్చింది. హాల్లో అంతవరకు పల్లీలు నములుతున్న చప్పుడు ఆగిపోయింది. తెర నిండా శేఫాలీ దీ ముఖం, చెమట, నుదుటికి అంటుకున్న నెరిసిన జుట్టు. వెనక వరసల్లో ఆడవాళ్ళెవరో సన్నగా ఏడుస్తున్నారు. డోర్కాస్‌కి ఏడుపు రాలేదు. ఎవరో తన బరువు అందుకుని ఓ నిమిషం మోసినట్టనిపించి, వెనక్కి ఆనుకుని హాయిగా కూర్చుంది. పక్కన సాల్మన్ రాజు కదలకుండా ఉన్నాడు. సినిమా అయ్యేదాకా అలాగే ఉన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు వంతెన మీద జనం మధ్య అందరూ ముందూ వెనకా అయిపోయారు. దయారత్నం మనవరాలి చెయ్యి పట్టుకుని ముందు నడుస్తోంది. సాల్మన్ రాజు వంతెన సగం దాటాక అన్నాడు.

"అంత నొప్పెట్టిందా నీకు?"

"పెట్టింది."

"నాకెవరూ చెప్పలేదు."

"మీరడగలేదు."

అతను కడ్డీ పట్టుకుని నిలబడి కింద పడవలకేసి చూశాడు. అతనికి సిగ్గుగా ఉందో కోపంగా ఉందో డోర్కాస్‌కి తెలియలేదు. ఇదివరకైతే అది తెలుసుకుని దానికి తగ్గట్టు మాట్లాడటమే ఆమె పని. ఇప్పుడు తెలుసుకోవాలనిపించలేదు. అతను చూసుకుంటాడులే అనుకుంది.

"అంటే మన కథ తీసుకెళ్ళి సినిమావోళ్ళకి చెప్పేసేవన్నమాట," అన్నాడు.

"మన కథ కాదు. మీది మీరు ఏటేటా చెప్తూనే ఉన్నారు, ఇక్కడ హీరో కూడా రెండు గంటలు చెప్పాడు. నాది ఒక్క మాట. అది నేను చెప్పుకున్నాను."

అతను మారిపోయాడని చెప్పలేం. ఆ ఏడాది సాక్ష్యం చెప్పడానికి నిలబడి, తల్లి ప్రార్థనల దాకా వచ్చి, భార్య పేరు చెప్పబోయి, అలవాటు లేక తడబడి కూర్చున్నాడు. దయారత్నం చర్మం ఊడొచ్చిన కథ మళ్ళీ ఒకసారి ఎవరికో మొదలుపెట్టింది. డోర్కాస్ బియ్యం కడుగుతూ లోపల్నుంచే, ఎవరి చర్మమైనా ఊడుతుంది అత్తయ్యా, మీదిచ్చినా ఊడేది అంది. ఆ గొంతులో కోపం లేదు. వార్డులో రోగుల బంధువులకు చెప్పే గొంతది. దయారత్నం, ఏటో ఈ ఆస్పత్రి సదువులు అని ఇంకో కబుర్లోకి వెళ్ళిపోయింది.

వానలు మొదలైన రోజుల్లో, ఒక పొద్దున పదకొండింటికి, షాలిమార్ నుంచి ఒక కేసు వచ్చింది. గూడ్సు యార్డు దగ్గర గుడిసెలో పొయ్యి పేలి అప్పలసూరి అనే కూలీకి వీపూ నడుమూ కాలిపోయాయి. శ్రీకాకుళం వైపు మనుషులు. తెలుగువాళ్ళొస్తే మాట్లాడటానికి డోర్కాస్‌నే పంపుతారు. భాదురీ గారు ఆపరేషను గదిలోకి వెళ్తూ, భార్య ఇస్తుందట, వేలిముద్ర వేయించి తీసుకురా అని కాగితం చేతిలో పెట్టారు.

వరండాలో అప్పలసూరి తల్లి జగ్గమ్మ, ఇద్దరు తమ్ముళ్ళు, వాళ్ళ మధ్యలో పాతికేళ్ళు కూడా లేని కాసులమ్మ నిలబడి ఉన్నారు. ఎవరు పూశారో, ఆమె బొటనవేలికి అప్పటికే సిరా ఉంది. జగ్గమ్మ కోడల్ని భుజం పట్టి ముందుకు తోసి, తీసుకెళ్ళమ్మా, ఎంత కావాల్తే అంత తీసుకోండి అంది. డోర్కాస్ కాసులమ్మను కట్ల గదిలోకి తీసుకెళ్ళి, వెనకే వస్తున్న జగ్గమ్మను బయట కూర్చోమని తలుపు వేసింది.

"యేలిముద్దర ఎక్కడెయ్యాలక్కా?" అంది కాసులమ్మ.

డోర్కాస్ దూది తీసి, స్పిరిట్‌లో ముంచి, ఆ అమ్మాయి బొటనవేలి సిరా శుభ్రంగా తుడిచేసింది. ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది. ఏం తీస్తారో, ఎక్కడ తీస్తారో, ఎంత మేర తీస్తారో చేత్తో కొలిచి చూపించింది. తర్వాత నొప్పి నీకే ఎక్కువుంటుంది, నీకు కూడా సూది మందు ఇప్పించడం నా పూచీ, నీ పేరు మీద మంచం కూడా రాయిస్తాను అంది. రెండు మూడు వారాలకు అది ఊడిపోతుంది, ఊడిపోతే అది నీ తప్పు కాదు, ఎవరైనా అలా అంటే నా దగ్గరికి పంపు అంది. నువ్వు వద్దంటే అతని తమ్ముళ్ళనడుగుతాం, వాళ్ళూ వద్దంటే కట్లతోనే చూస్తాం, అప్పుడతనికి కష్టమవుతుంది, అది నీ దగ్గర దాచను అంది. వద్దనాలనుంటే నాకు చెప్పు, నీ ఒంట్లో రక్తం చాలదని బయట నేను చెప్తాను, ఎవరికీ తెలియదు అంది.

కాసులమ్మ చాలాసేపు తన వేలికేసి చూసుకుంది. "నన్నెవులూ అడగనేదక్కా. రా అన్నారు, వొచ్చినాను."

"ఇప్పుడు నేనడుగుతున్నాను."

"నువ్విచ్చినావా?"

"ఇచ్చాను. మా ఆయనకి."

"అడిగినారా నిన్ను?"

"లేదు."

"అడిగుంటే ఇచ్చీదానివా?"

ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. తనను తాను కూడా ప్రశ్నించుకోలేదని డోర్కాస్‌కి అప్పుడే తెలిసింది. ఆ చిన్నపిల్ల ముందు అబద్ధం చెప్పకూడదనుకుంది. ఆవిరిలో ఉడికిన ఆ ఛాతీ గుర్తొచ్చింది. అంతకుముందు అదే ఛాతీ మీద తల పెట్టుకుని నిద్రపోయిన రోజులు గుర్తొచ్చాయి.

"ఇచ్చేదాన్నే," అంది. "కానీ అప్పుడది నేనిచ్చినట్టుండేది."

కాసులమ్మ తలూపి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. బయట వాన పడుతోంది. ఆమె ముఖం చూస్తే ఏ వైపు తేల్చుకుంటుందో చెప్పడానికి లేదు. డోర్కాస్ ఊహించడానికి ప్రయత్నించలేదు. తలుపు దగ్గర చప్పుడైంది. ఆపరేషను గదిలోంచి భాదురీ గారు కబురు పంపారు, ఇంకా ఎంతసేపని. జగ్గమ్మ కూడా లేచి నిలబడి లోపలికి తొంగిచూస్తోంది. డోర్కాస్ వెళ్ళి తలుపు కొంచెం తెరిచి, డాక్టరుగారికి వినపడేంత గట్టిగా బెంగాలీలోనూ, తర్వాత జగ్గమ్మ కోసం తెలుగులోనూ, ఆవిడ ఆలోచించుకుంటున్నారు, ఆగండి అని చెప్పి, తలుపు మళ్ళీ వేసింది.